పలక వేసే ముందు బద్ద పెట్టి చూడు

విశాఖపట్నం

చిన్నా,

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. నువ్వు కడుతున్న ట్రింకోమలీ ఓడ నమూనాకి బల్క్‌హెడ్లన్నీ, అదే ఒంటికి ఆకారమిచ్చే అడ్డ చెక్కలన్నీ, నిలబెట్టేశావు. భూతద్దం పెట్టి చూశాను, అడుగున వెన్నెముకలా ఉండే కీల్ ఎక్కడా మెలి తిరగలేదు. చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే జవాబు రాద్దామని కాయితాలు తీసుకుంటే వదిన, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. మీ ఆదివారం ఓడ నమూనాల బృందంలో కట్టీ సార్క్ ఓడ కడుతున్న తొమ్మిదో తరగతి పిల్లాడు రావడం మానేశాడట. వాడి ఓడ చేతిలోకి తీసుకుని అందరి ముందూ "పలకలన్నీ ఎగుడు దిగుడు, ఇదంతా ఊడబీకి మళ్ళీ మొదలుపెట్టు" అన్నావట. నిజమేనా? నీ నోటితో నువ్వే చెప్పు, వింటాను.

కోప్పడాలని రాయడం లేదు నాన్నా. నీ కన్ను సునిశితం, చిన్నప్పుడు ఇంట్లో గోడ క్యాలెండర్ ఒక పక్కకి ఒరిగినా నీకు అన్నం సయించేది కాదు. వాడి పలకలు ఎగుడు దిగుడుగా ఉన్నాయని నువ్వు అన్నావంటే ఉండే ఉంటాయి. కానీ ఎందుకున్నాయో వాడికి చెప్పావా? తప్పు పలకల్లో లేదు, వాటి కింద ఉంది. పలకలు ఊడబీకి మళ్ళీ వేసినా అవి అలాగే వస్తాయి.

ఈ సంగతి నీ ట్రింకోమలీకి కూడా వర్తిస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు. బల్క్‌హెడ్‌ని కోసినప్పుడు దాని అంచు చదునుగా ఉంటుంది. ఓడ ఒళ్ళు మాత్రం ముందుకి వెళ్ళేకొద్దీ లోపలికి ఒంపు తిరుగుతుంది. అంచుని ఆ ఒంపుకి తగ్గట్టు ఏటవాలుగా అరగదీయకపోతే పలక ఒక్క మూల మీదే ఆనుతుంది, తక్కినది గాలిలో ఉంటుంది. అప్పుడు బల్క్‌హెడ్ ఉన్నచోట ఎత్తు, లేనిచోట పల్లం. గడ్డి లేని గొడ్డుకి డొక్కలు తేలినట్టు ఓడ డొక్కలు తేలుతాయి. ఆ పిల్లాడిది అదే అయివుంటుంది.

నడిమి బల్క్‌హెడ్లకి పెద్దగా పనుండదు. ముక్కు దగ్గరివాటికీ, వెనక చుక్కాని దగ్గరివాటికీ చాలా అరగదీయాలి. ఒక పొడుగాటి చదును చెక్కకి 120 నంబరు సాండ్‌పేపర్ అంటించు. అది ఒకేసారి మూడు బల్క్‌హెడ్ల మీద ఆనాలి. పొట్టి ముక్కతో రాస్తే ఒకదాన్నే తినేస్తుంది. తర్వాత మిల్లీమీటరున్నర మందం, అయిదు మిల్లీల వెడల్పు ఉన్న బద్ద ఒకటి తీసుకుని ముక్కు నుంచి వెనక దాకా పెట్టు. వేళ్ళతో నొక్కకు, దానంతటదే ఎలా వంగుతుందో అలా వంగనీ. అవతల దీపం పెట్టి చూడు. బద్దకీ బల్క్‌హెడ్‌కీ మధ్య వెలుతురు కనిపించిందా, అక్కడ పలచటి చెక్క అంటించి మళ్ళీ రాయి. బద్ద ఎక్కడైనా తన్ని లేచిందా, అక్కడ అరగదీయి. పై వరుసలో చూడు, మధ్యలో చూడు, కీల్ పక్కన చూడు. కుడి పక్క అయ్యాక ఎడమ పక్క. రెండు పక్కలూ ఒకటేనని నమ్మకం కుదిరాక మర్నాడు పగటి వెలుతుర్లో మరోసారి చూడు. ఈ పనికి వారాలు పట్టినా పట్టనీ. బద్ద ఒప్పుకోకుండా జిగురు సీసా మూత తీయకు.

నాకు ఈ బద్ద పిచ్చి పట్టించింది మోల్డ్ లాఫ్ట్ మేస్త్రీ గారు. షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరిన కొత్తల్లో మధ్యాహ్నం డబ్బా తినేశాక లాఫ్ట్‌కి పోయేదాన్ని. నల్లరంగు పూసిన అంత పెద్ద చెక్క నేల, దాని మీద ఓడ గీతలన్నీ అసలు కొలతలో. మేము బల్ల మీద అరచేతంత ఒంపు గీస్తే అక్కడ అది ఇంటి పొడుగు ఉండేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గీతల మధ్యలోంచి నడిచేదాన్ని, తొక్కితే చెరిగిపోతాయని భయం. అప్పుడు నాతోపాటు చేరిన కుర్రాడొకడు బద్ద వంచి గీసిన గీత ఒకచోట చిన్న పొట్ట వేసింది. మేస్త్రీ గారు తప్పని అనలేదు. వాణ్ణి నేల మీద బోర్లా పడుకోబెట్టి, చెంప నేలకి ఆనించి గీత వెంబడే చూడమన్నారు. "ఎక్కడ ఆగింది నీ కన్ను?" అని మాత్రం అడిగారు. వాడు చూపించాడు. "ఆ మేకు తీసెయ్, బద్దని వదిలెయ్" అన్నారు. మేకు తీయగానే బద్ద కదిలి సర్దుకుంది. వాడి మొహం వెలిగిపోయింది. కొన్నేళ్ళకి లాఫ్ట్‌లో అందరూ వాడి కన్ను మీదే ఆధారపడేవారు.

ఒక్కమాట గుర్తుచేస్తాను. 1839 తుపానులో కోరంగి రేవు ధ్వంసమైనా, చుట్టుపక్కల చెక్క పడవలు కట్టే పని చావలేదు. కాయితం మీద నక్షా లేకుండా ఆ పని ఇన్ని తరాలు నిలిచిందంటే, పెద్ద చేయి పక్కన చిన్న చేతిని కూర్చోనిచ్చారు కాబట్టే. కొత్తవాణ్ణి తరిమేసి ఉంటే ఏం మిగిలేది చెప్పు.

నీ ఓడ సంగతి చూడు. ట్రింకోమలీ నక్షాలు ఇంగ్లండ్ నుంచి బొంబాయికి జావా అనే ఓడలో బయల్దేరాయి. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరాన అమెరికా వాళ్ళ యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ దాన్ని ఓడించింది. ఓడతోపాటు నక్షాలూ పోయాయి. ట్రేసింగులు చేసినదాన్ని కాబట్టి ఈ భాగం చదివినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. మళ్ళీ నకళ్ళు గీసి పంపితే 1816లో గానీ పని మొదలుకాలేదు. జంషెడ్జీ బొమన్‌జీ వాడియా చేతి కింద మన టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దింపారు. ఈ రోజుకీ హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. నక్షాలు పోయాయని ఎవరూ ఆ పని మానలేదు, మళ్ళీ గీశారు. ఆ ఓడని బల్ల మీద పెట్టుకున్నవాడివి, ఒక పిల్లాడి వంకర పలకలు చూసి అంత తొందరపడ్డావేం?

ఈ ఆదివారం వాడి ఇంటికి వెళ్ళు. మిఠాయి పొట్లం పట్టుకెళ్ళకు, బద్ద పట్టుకెళ్ళు. వాళ్ళ అమ్మానాన్నల ముందు పెద్ద మాటలు వద్దు, వాడికి సిగ్గేస్తుంది. ఓడ చూపించమని అడుగు. ముందు వాడు బాగా చేసిన చోటు వెతుకు. వదిన చెప్పిందాన్నిబట్టి డెక్ పలకలు వాడే కోసుకున్నాడు, అతుకులు వరుస తప్పకుండా పెట్టాడు. అది చేతకాని పెద్దవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఆ మాట వాడితో చెప్పు, ఏ అతుకు నచ్చిందో వేలు పెట్టి చూపించు. ఊరికే "బాగుంది, బాగుంది" అనకు. అది వినేవాడికి నువ్వు సరిగ్గా చూడలేదని తెలిసిపోతుంది, పిల్లలకి మరీ తొందరగా తెలుస్తుంది.

తర్వాత నీ ట్రింకోమలీని బయటికి తీయి. పలకలు వేయకముందే, ఇప్పుడున్న ఎముకల గూడుగానే చూపించు. పూర్తయిన ఓడల్ని అద్దాల పెట్టెలో చూసి కొత్తవాళ్ళు మనకి చేతకాదని వెనక్కి తగ్గుతారు. సగం ఓడ చూస్తే ప్రశ్నలు అడుగుతారు. వాడి చేతికి బద్ద ఇచ్చి నీ ఓడలో తప్పు పట్టమను. కచ్చితంగా ఒకటో రెండో పట్టుకుంటాడు. అప్పుడు కాయితం చీలిక తీసుకుని నడిమి బల్క్‌హెడ్ చుట్టుకొలత ఎంత, ముక్కు దగ్గర ఎంత, పలకని ఎంత సన్నం చేయాలి అన్నది ఇద్దరూ కలిసి లెక్క కట్టండి. ఏ పలకనీ సగం వెడల్పు కంటే సన్నం చేయనివ్వకు. తడిపి వంచిన పలక పూర్తిగా ఆరాకే జిగురు పెట్టమను, లేకపోతే ఆరేటప్పుడు ముడుచుకుని సందులు పడతాయి. వాడి ఓడకున్న పాత పలకలు తీయాలా, లప్పం పెట్టి సరిచేయాలా అన్నది వాడే తేల్చుకుంటాడు. అది వాడి ఓడ.

రాత్రిళ్ళు ఆఫీసు పనయ్యాక కూర్చుంటున్నావని వదిన బాధపడుతోంది. కళ్ళు ఎర్రబడితే చెక్క పని ఆపెయ్. కత్తి పట్టుకుని కునికిపాట్లు పడకు, బంగారం.

ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర తెప్పించాను, బాగా ఆరింది. పార్శిల్లో రెండు కట్టలు పెట్టాను. చిన్న కట్ట నీది, పెద్దది ఆ పిల్లాడిది. తెరచాప కొయ్యల తాళ్ళు బిగించే బిళ్ళలకీ, డెక్ మీది గుండ్రటి సామానుకీ దాన్ని మించిన కర్ర నాకు దొరకలేదు. పలకలకి మాత్రం వాడొద్దని చెప్పు. ఆదివారం వెళ్ళొచ్చాక వాడు నీ ఓడలో ఏ బల్క్‌హెడ్ దగ్గర తప్పు పట్టాడో నంబరుతో సహా రాయి.

మీ అత్త