వరి మడి మిథేన్: మోలార్ ప్రవాహ రేటు ప్రమాణాల మార్పిడి

ధవళేశ్వరం ఆనకట్ట కాలువల కింద సాగయ్యే గోదావరి డెల్టా వరి మళ్ళు చాలా కాలం నీటితో నిండి ఉంటాయి. ముంపు నేలలో ఆక్సిజన్ కొరవడినందున సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థం నుండి మిథేన్‌ను వెలువరిస్తాయి. నిరంతర ముంపును ఆరుతడి పద్ధతితో పోల్చేటపుడు ఒక ఫలితం మిల్లీగ్రాములు/గంటలోను, మరొకటి మైక్రోమోల్/సెకనులోను ఉంటే, రెండింటినీ ఒకే ప్రమాణంలోకి మార్చనిదే పోలిక చెల్లదు.

ఉదాహరణకు, చదరపు మీటరుకు గంటకు 4 మి.గ్రా. మిథేన్ వెలువడుతున్నదనుకొందాం. మిథేన్ మోలార్ ద్రవ్యరాశి మోల్‌కు 16 గ్రా.

4 ÷ 16 = 0.25 మిల్లీమోల్ = 250 మైక్రోమోల్/గంట
250 ÷ 3600 = 0.069 మైక్రోమోల్/సెకను

ఎకరానికి (4047 చ.మీ.) లెక్కిస్తే గంటకు 1.01 మోల్, అనగా సుమారు 16.2 గ్రా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొందరు ఫలితాన్ని మిథేన్‌లోని కర్బనంగా తెలుపుతారు. అప్పుడు పై ఉద్గారమే 3 మి.గ్రా. అవుతుంది; 3 ÷ 12 = 0.25 మిల్లీమోల్, అనగా మోల్ సంఖ్య మారదు. ఇది గమనించక 3ను 16తో భాగిస్తే 0.19 వచ్చి, ఉద్గారం నాలుగవ వంతు తగ్గినట్లు కనిపిస్తుంది. నీటి యాజమాన్య పద్ధతికి లేని ఘనత దక్కుతుంది. కనుక ప్రతి పట్టికలోను పదార్థం, వైశాల్యం, కాలం స్పష్టంగా పేర్కొనవలెను.