జనవరి 1 జాబితా

మనం న్యూ ఇయర్ స్టేటస్‌లు పెట్టుకునే రోజే, ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఒకేసారి ఓ పని జరుగుతుంది. భారత్, పాకిస్తాన్ తమ అణు కేంద్రాల జాబితాను అక్షాంశ, రేఖాంశాలతో సహా అవతలివాళ్ల చేతికి ఇస్తాయి.

శత్రువుకి మన లొకేషన్ మనమే పంపడమేంటి అనిపిస్తుంది కదా? కానీ అది దాడి చెయ్యకూడని చోట్ల జాబితా. 1981లో ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ని కూల్చేశాయి. మనకీ అదే గతి పడుతుందేమోనని పాకిస్తాన్‌కి భయం ఉండేది. పైగా రియాక్టర్ పేలితే రేడియేషన్ బోర్డర్ దగ్గర ఆగదు, గాలి ఎటుంటే అటే. రాజీవ్ గాంధీ, బెనజీర్ భుట్టో ఉన్న కాలంలో, 1988 డిసెంబర్ 31న ఒప్పందం కుదిరింది. మొదటి జాబితా 1992లో మారింది. కార్గిల్ తర్వాత, పుల్వామా తర్వాత కూడా ఆగలేదు.

ఇందులో తనిఖీ లేదు. మన భాషలో చెప్పాలంటే వాలిడేషన్ లేని ఇన్‌పుట్. అయితే ఒక కేంద్రాన్ని దాచారనుకోండి, రేపు దానికి ఈ ఒప్పందం కింద రక్షణ ఏ ముఖంతో అడుగుతారు? నాకైతే అసలు తెలివి ఇక్కడే కనిపించింది.

ఖైదీల, మత్స్యకారుల జాబితాలూ అదే రోజు మారతాయి. అది 2008 నాటి వేరే ఒప్పందం. 2018లో గుజరాత్ తీరంలో వేటకెళ్లి పాక్‌కి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ జాబితాలు మాత్రం జులై 1న ఇంకోసారి మారతాయి.