పడవకు తగిన బండి

వాడరేవున సముద్రపుటొడ్డున పడవలు ఇసుకపై నిలిచియుండుట మన మెల్లరము చూచునదియే. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, 61 దినములు, మరపడవలతో వేట నిషిద్ధము. ఆ దినములలో పెద్ద పడవ నొకదానిని మరమ్మతునకై రోడ్డుమీద కొనిపోవలసివచ్చిన, ప్రత్తి మోయు ట్రాక్టరు ట్రక్కు చాలదా యని మా విద్యార్థులలో కొందఱడిగిరి. చాలదు. ఏల చాలదో విచారింతము.

బస్తా యెక్కడ వేసిన నక్కడ పడియుండును. పడవ యట్లుగాదు. దాని యడుగు నడుమ వెన్నువలె దిగియుండును. ఇంజను వెనుకకొసను వ్రేలాడుచుండును. చదునైన బల్లపై నుంచినచో బరువంతయు వెన్నుపై బడి ప్రక్క కొరగును. కావున పడవ యడుగు వాలునకు సరిగా నమర్చిన దూలములుగాని రోలర్లుగాని గల ట్రైలరు కావలయును.

ఇక బరువు. ఇచ్చటనే పెక్కండ్రు మోసపోవుదురు. లెక్కకొఱకు పడవ 2,000 కిలోలనుకొందము. రెండింజనులు 450. పెట్రోలు 400 లీటర్లు. లీటరు ముప్పాతిక కిలో చొప్పున 300. వలలు, లంగరు, త్రాళ్లు, నీరు 250. వెరసి 3,000. ట్రైలరు సొంత బరువు 800 చేర్చిన 3,800 కిలోలు. వట్టి పడవ బరువును మాత్రమే చూచి 2,800 కిలోలకు ట్రైలరు కొన్నవాడు తెలియకయే దానిపై వేయి కిలోలు హెచ్చుగా మోపుచున్నాడు. 4,500 కిలోల కేర్పడినది కొనుట మేలని మా యభిప్రాయము. ఇంత బరువునకు రెండిరుసులుండిన మంచిది. ఒక టైరు పగిలినను పడవ కూలిపోదు.

బరువు నెక్కడ నిలుపవలెనో మన రైతులకు మేము నేర్పనక్కఱలేదు. మిరపబస్తాలు వేసిన యెద్దుబండిలో ముందు బరువు హెచ్చిన ఎడ్ల మెడలు క్రుంగును. వెనుక హెచ్చిన కాడి పైకిలేచి పట్టెడలు గొంతులకు బిగియును. ట్రైలరును నట్లే. మొత్తము బరువులో నూటికి 5 మొదలు 10 వంతులు, అనగా మన లెక్కలో 190 నుండి 380 కిలోలు, లాగుబండి కొక్కెముపై మోపవలెను. అంతకు తగ్గినచో వేగము హెచ్చిన కొలదిని ట్రైలరు అటునిటు ఊగి, తుదకు లాగుబండినే త్రిప్పివేయును. ఆ రోడ్డు ప్రక్కనే పిల్లలు బడికి నడచుచుందురు. ట్రైలరునకు సొంత బ్రేకులు లేకున్న నింత బరువును లాగుబండి యొక్కటియే సమయమునకు నిలుపజాలదు.

ఉప్పునీటి సంగతియు మఱువరాదు. ఇనుమునకు జింకుపూత యుండవలెను. దూరము నడచిన చక్రముల బేరింగులు వేడెక్కియుండును. వెంటనే నీట దించినచో లోపలి గాలి చల్లబడి సంకోచించి యుప్పునీటిని లోనికి పీల్చుకొనును. మా భౌతికశాస్త్రపు తరగతివారు దీనిని గమనింతురుగాక. చల్లారనిచ్చి దింపి, పిదప మంచినీట కడిగి, గ్రీజు చూడవలెను.

వెడల్పు మాట యొకటి మిగిలినది. 1989 నాటి కేంద్ర మోటారువాహన నియమములు వాహనపు వెడల్పు 2.6 మీటర్లకు మించరాదనుచున్నవి. చట్టమున ట్రైలరును వాహనమే. పడవ యంతకన్న వెడల్పైనచో ఎట్టి ట్రైలరు కొన్నను సరిపడదు గనుక, బేరమునకు పోకమున్నే పడవ వెడల్పును కొలుచుకొనవలెను.