మీటరు తిప్పి అమ్మిన కారు

ప్రశ్న: డీలరు దగ్గర 4 లక్షలకు పాత కారు కొన్నాను. మీటరులో 38 వేల కిలోమీటర్లే ఉంది. సర్వీసుకిస్తే, రెండేళ్ల కిందటే 90 వేలు దాటిందన్నారు. ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాం’ అంటున్నాడు డీలరు. ఏం చేయాలి?

జవాబు: ఆ మాట చాటున డీలరు తప్పించుకోలేడు. బండి పాతదైతే కావచ్చు, మీటరు తిప్పి అమ్మడం మాత్రం మోసమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. ముందుగా ఆ సర్వీసు సెంటరు నుంచి పాత జాబ్‌కార్డుల నకళ్లు తీసుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఛాసిస్ నంబరు ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి మీ కేసుకు అవే ప్రాణం. రసీదు, ప్రకటన, వాట్సాప్ మెసేజీలు జాగ్రత్త చేయండి. సొమ్ము వాపసు కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. సందేహాలుంటే 1915కు ఫోన్ చేయండి. ఈలోగా మీటరు మాత్రం మార్పించకండి, అదీ సాక్ష్యమే.