అయస్కాంతానికి అంటే రూపాయి, అంటని రూపాయి

చేవెళ్ల, మొయినాబాద్ దుకాణాల గల్లాపెట్టెలో అయస్కాంతం తిప్పితే కొన్ని నాణేలు అతుక్కుంటాయి, కొన్ని కదలవు. నికెల్ ఉంటే నాణెం అతుక్కుంటుందని పరీక్షల్లో అభ్యర్థులు తొందరపడి గుర్తు పెట్టేస్తారు. 1950 నాటి స్వచ్ఛమైన నికెల్ రూపాయి విషయంలో అది నిజమే. కానీ 1975 నుంచి వచ్చిన రూపాయిలో 25 శాతం నికెల్ ఉన్నా, 75 శాతం రాగి కలవడంతో అది అతుక్కోదు. కాబట్టి తేల్చేది లోహం పేరు కాదు, మిశ్రమం.

వంటింటి స్టీలు గిన్నె చాలాసార్లు అయస్కాంతానికి అంటదు, మరి స్టీలు రూపాయి ఎలా అంటుందని అడగవచ్చు. గిన్నెల స్టీలులో సాధారణంగా 18 శాతం క్రోమియంతో పాటు 8 శాతం నికెల్ కలుపుతారు. దాంతో ఇనుము స్ఫటిక నిర్మాణమే మారి, ఆస్టెనిటిక్ స్టీలై, ఆకర్షణ పోతుంది. 1992 రూపాయిది 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం గల ఫెర్రిటిక్ స్టీలు, అందుకే అతుక్కుంటుంది. అంటే ఇనుముకు చేరిన నికెల్ ఆకర్షణను పెంచకపోగా చంపేసింది! పోనీ, అయస్కాంతంతో నకిలీని పట్టవచ్చా? అదొక్కటే చాలదు. ఐదు రూపాయల నాణెం 1992లో రాగి-నికెల్, 2007లో స్టీలు, 2009లో నికెల్ ఇత్తడి. మధ్యదే అతుక్కుంటుంది, మూడూ అసలువే. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలదని మాత్రం చెప్పవచ్చు.