ఐదున్నర గంటల తేడా

ఈ సంచికకి కథ రాస్తానని క్లబ్‌లో మాటిచ్చాను. కథ రాలేదు. దాని బదులు పోయిన సెమిస్టర్‌లో మా ల్యాబ్‌లో జరిగిన సంగతి, దాని వల్ల నేను నేర్చుకున్న కంప్యూటర్ ఫోరెన్సిక్స్ పాఠం రాస్తున్నా. ఇందులో తప్పు చేసింది నేనే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదనుకుంటా.

మా ల్యాబ్‌లో ఒక లినక్స్ సర్వర్ ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టులన్నీ దాంట్లోనే. రివ్యూకి ముందు రోజు పొద్దున వెళ్లేసరికి ఒక టీమ్ ఫోల్డర్ మొత్తం ఖాళీ. కోడ్ లేదు, డేటాసెట్ లేదు. సర్వర్ సంగతులు కాస్త తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. 9:40కి రూట్‌గా లాగిన్ అయ్యాను. పక్కన ఎవరో "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడు" అన్నారు. చేసేశాను. ఏమీ తిరిగి రాలేదు.

తర్వాత లాగిన్ లాగ్ తెరిచి చూశా. ముందు రోజు 15:40కి ఒక సెకండియర్ జూనియర్ ఐడీతో లాగిన్. అంటే మధ్యాహ్నం 3:40. ల్యాబ్ రిజిస్టర్‌లో అతని సంతకం 3 నుంచి 4:15 దాకా ఉంది. లెక్క సరిపోయింది కదా! "వాడే చేశాడు" అన్నాను, పదిమంది ముందు. అతను "అన్నా, నేను ఆ పూట సర్వర్ ముట్టుకోనే లేదన్నా" అని ఒక్క మాటే అన్నాడు. ఎవరూ వినలేదు. సాయంత్రానికి "ఫలానా వాడు డిలీట్ కొట్టాడట" అని క్యాంటీన్ దాకా వెళ్లిపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత, వేరే పని మీద ఆటాప్సీ అనే ఉచిత ఫోరెన్సిక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకున్నా. ప్రాక్టీసు కోసం అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ కొన్ని డిస్క్ కాపీలు ఉచితంగా పెట్టింది, వాటిలో "హ్యాకింగ్ కేస్" అని ఒక పాత ల్యాప్‌టాప్ డిస్క్ ఉంటుంది. దాన్ని లోడ్ చేస్తుంటే ఆటాప్సీ ఒక ప్రశ్న అడిగింది: ఈ డిస్క్ ఏ టైమ్ జోన్‌ది?

అక్కడే చేతులు ఆగిపోయాయి. మన సర్వర్ ఏ టైమ్ జోన్‌లో ఉంది?

వెళ్లి చూస్తే యూటీసీ. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. అయినా నమ్మకం కుదరక ఇంకో చెక్ చేశా. ఆ రోజు నేను లాగిన్ అయింది 9:40కి అని నాకు కచ్చితంగా తెలుసు, లాగ్‌లో నా లాగిన్ 04:10 అని ఉంది. అంటే జూనియర్ ఐడీతో జరిగిన ఆ లాగిన్ మధ్యాహ్నం 3:40కి కాదు, రాత్రి 9:10కి. అతను డేస్కాలర్. 5 గంటల కాలేజ్ బస్సుకి వెళ్లిపోయాడు. ఆ లాగిన్ వచ్చిన ఐపీ హాస్టల్ వైఫైది. అతని పాస్‌వర్డేమో వారం నుంచి ల్యాబ్ వైట్‌బోర్డు మూల రాసే ఉంది, గ్రూప్‌లో అందరికీ పనికొస్తుందని.

నా లాగిన్‌ని చూసుకునే ఆ చెక్ మొదటి రోజే చేయొచ్చు. అర నిమిషం పని.

ఇక్కడ అందరికీ పనికొచ్చే విషయం చెప్తా. కంప్యూటర్లో టైమ్ ఎక్కడ రాసి ఉందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో ఫైల్ టైమ్‌లు యూటీసీలో దాచుకుంటుంది, చూపించేటప్పుడు లోకల్ టైమ్‌కి మార్చి చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్32 నేరుగా లోకల్ టైమ్‌నే రాసుకుంటుంది. ఒకే ఫైల్‌ని ఇటు నుంచి అటు కాపీ చేసిన కేసులో రెంటినీ పక్కపక్కన పెట్టి, టైమ్ జోన్ పట్టించుకోకుండా టైమ్‌లైన్ వేశామా, కాపీ అసలు ఫైల్ కంటే ముందే పుట్టినట్టు కనిపించొచ్చు. అందుకే ముందు గడియారాలన్నీ ఒక దారికి తెచ్చుకోవాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలన్నదే వార్తల్లో బాగా వచ్చింది. సిస్టమ్ గడియారాలు ప్రామాణిక సర్వర్లతో కలిపి ఉంచాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా అందులోనే ఉంది. నాకు ఆ రెండో భాగమే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే మేము హాస్టల్ వైఫై రికార్డులు అడిగేసరికి పదో రోజు. అక్కడ ఏడు రోజులకే చెరిపేస్తారు. ఆ రాత్రి ఆ ఐపీ ఎవరి ఫోన్‌దో, ఎవరి ల్యాప్‌టాప్‌దో ఇక తెలీదు.

రీస్టార్ట్ సంగతి ఇంకా ఘోరం. ఆధారాలకి ఒక వరుస ఉంటుంది, ఏది ముందు ఆవిరైపోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3227 అనే పత్రం ఈ వరుసే చెబుతుంది: ప్రాసెసర్ రిజిస్టర్లు, క్యాష్, తర్వాత నడుస్తున్న ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ వివరాలు, మెమరీ, తర్వాత టెంపరరీ ఫైళ్లు, ఆ తర్వాతే డిస్క్. నేను పవర్ ఆపి, పైవన్నీ ఒక్క దెబ్బకి పోగొట్టాను. పైగా ఆ టీమ్ వాళ్ల మోడల్ ట్రైనింగ్ రాత్రంతా బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూనే ఉందట. లినక్స్‌లో ఒక ఫైల్‌ని ఎవరైనా డిలీట్ చేసినా, ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే లోపలి డేటా పోదు. ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కిందకి వెళ్లి, ఎఫ్‌డీ అనే చోట నుంచి కాపీ చేసుకోవచ్చు. డేటాసెట్ ఫైల్ అలా తెరిచి ఉండుంటే రెండు నిమిషాల్లో బయటికి తీసేవాణ్ణి. ఉందో లేదో చూసే అవకాశం కూడా నేనే లేకుండా చేశా. టీమ్ వాళ్లు నెల క్రితం కాపీతో, రాత్రంతా మేలుకుని రివ్యూకి వెళ్లారు.

ఇలాంటప్పుడు అసలు ఏం చేయాలి? ముట్టుకోకముందు రాయాలి. సర్వర్ గడియారం ఎంత చూపిస్తోంది, నా ఫోన్ ఎంత చూపిస్తోంది, రెండూ. తర్వాత మెమరీ, ప్రాసెస్‌లు, నెట్‌వర్క్ కనెక్షన్లు. తర్వాత డిస్క్‌కి బిట్‌కి బిట్ కాపీ తీసి, షా-256 హ్యాష్ లెక్కేసి, ఆ 64 అక్షరాలూ రాసిపెట్టుకోవాలి. ఒక్క బిట్ మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది కాబట్టి కాపీ అసలుదే అని ఎప్పుడైనా చూపించొచ్చు. పరిశీలన అంతా కాపీ మీదే. ఇది మరీ చాదస్తం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ ఫారంలో హ్యాష్ విలువ రాయడానికి చోటు పెట్టారు.

రాయడం దగ్గర నాకు గురువు క్లిఫర్డ్ స్టోల్. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1986లో అమెరికాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌లో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వస్తే, ఆ తేడా వెంట పడ్డాడు. బయటి నుంచి వచ్చే లైన్లకి ప్రింటర్లు తగిలించి, ఆ చొరబాటుదారు కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీదికి రప్పించాడు. అవతలివాడికి తెలియకుండా నెలల తరబడి చూస్తూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆ దారి చివరికి జర్మనీలోని హానోవర్‌లో తేలింది. ఆయన లాగ్‌బుక్ లేకపోతే 75 సెంట్లు 75 సెంట్లుగానే మిగిలేవి.

మన క్లబ్‌లో వ్యాకరణం బోర్ అంటారు కానీ, ఈ నోట్స్ రాయడానికి తెలుగు ఎంత బావుంటుందో చూడండి. "డిలీట్ చేశాడు" అంటే చూసినట్టు. "చేశాడట" అంటే విన్నట్టు. "చేసుంటాడు" అంటే ఊహ. మూడూ క్రియ చివరే తేలిపోతాయి. ఆ రోజు నా దగ్గర ఉన్నది "అతని ఐడీతో 15:40 అని లాగ్‌లో ఉంది" అన్న ఒక్క చూసిన వాక్యం. దాన్నుంచి "చేసుంటాడు" అనాల్సింది, "చేశాడు" అన్నాను. క్యాంటీన్ వాళ్లు కనీసం "ట" పెట్టారు, నేను అదీ పెట్టలేదు.

పదకొండో రోజు అదే ల్యాబ్‌లో, అదే పదిమందిని పిలిచి లాగ్ తెరిచి చూపించా. సారీ చెప్పా. జూనియర్ ఏమీ అనలేదు, లేచి వెళ్లి వైట్‌బోర్డు మీది పాస్‌వర్డ్ తుడిచేశాడు. నెల రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

ఇప్పుడు సర్వర్ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ తాడుతో కట్టి ఉంది. పేజీకి రెండు గళ్లు, ఎడమ వైపు చూసింది, కుడి వైపు అనుకున్నది. మొదటి పేజీలో "సర్వర్ టైమ్‌కి 5:30 కలుపుకోవాలి అన్నా" అని అతనే రాశాడు, పెద్ద అక్షరాలతో.