కంప్యూటరు పురుగులు – మన సంఘముల జాగ్రత్త

నేడు మన సంఘములలో నూలు లెక్కలు, మజూరీ పట్టీలు, జకార్డు నమూనాలు కంప్యూటరులోనే ఉంటున్నవి. కావున 'వర్మ్' అనబడు కంప్యూటరు పురుగును గూర్చి ఈ పాఠమున తెలిసికొందము.

వైరస్ మరొక ఫైలును అంటిపెట్టుకొని, దానిని మనము తెరచినప్పుడు పనిచేయును. వర్మ్‌కు ఆ ఆధారము అక్కరలేదు. ఒక యంత్రమున చేరి, నెట్‌వర్కులోని ఇతర యంత్రములను వెదకి, లోపమున్న చోట తన నకలును దింపును. ఆ నకలు మరల అదే పని చేయును.

2017 మే 12న బయలుదేరిన 'వన్నాక్రై' ఇందుకు తార్కాణము. విండోస్‌లో ఫైళ్లు పంచుకొను ఏర్పాటునందలి లోపము ద్వారా అది సుమారు 150 దేశములలో 2 లక్షలకు పైగా యంత్రములకు ప్రాకెను. ఫైళ్లకు తాళము వేసి 300 డాలర్లు అడిగెను. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని వాతబడినవి. ఆ లోపమునకు మరమ్మతు మార్చి 14ననే వెలువడినది. వేసికొనని యంత్రములే చిక్కినవి.

మనము పాటింపవలసినవి:

1. అప్‌డేట్లు వచ్చిన వెంటనే వేయవలెను. మరమ్మతులు నిలిచిన విండోస్ 7 వంటివి నెట్‌కు తగిలింపరాదు.

2. ఫైర్‌వాల్ ఎల్లప్పుడు పనిచేయుచుండవలెను. అక్కరలేని ఫైలు పంపకము మూసివేయవలెను.

3. 2008లో పుట్టిన 'కాన్‌ఫికర్' పెన్‌డ్రైవుల ద్వారాను, తేలిక పాస్‌వర్డుల ద్వారాను కూడ వ్యాపించెను. బయటి పెన్‌డ్రైవును పరీక్షింపక తెరువరాదు.

4. వారమునకొకసారి లెక్కలను వేరు డిస్కునకు ఎక్కించి, వెంటనే ఊడదీసి దాచవలెను. తగిలించియున్న డిస్కు కూడ చెడును.

5. అనుమానము కలిగిన, ముందుగా నెట్ తీగ తీసి, వై-ఫై ఆపవలెను.

మజూరీ పట్టీ పోయిన నేతగాని కష్టమునకు సాక్ష్యముండదు. ఒక్క డిస్కు ఖర్చునకు వెనుదీయకుందము.